బండికి సిరామిక్ పూత – కడగడంలోనే ఉంది కిటుకు

బండ్లకి 'సిరామిక్ కోటింగ్' అని ఒకటి వేస్తున్నారు కదా. షాపులో వేయిస్తే వేలల్లో అవుతోంది. "చిన్న సీసా కొనుక్కుని ఇంట్లోనే వేసుకోవచ్చా అక్కా?" అని మా వీధి ఆడవాళ్ళు అడుగుతున్నారు. స్కూటరుకైతే నిక్షేపంలా వేసుకోవచ్చు. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. పూత వెయ్యడం గంట పని. దానికి ముందు శుభ్రం చెయ్యడం పూట పని!

ఈ మాట మా ఏటికొప్పాక బొమ్మల్ని చూస్తే తెలుస్తుంది. అంకుడు కర్రని ముందు బాగా ఆరబెడతారు. లేతు మీద తిప్పుతూ నున్నగా చెక్కుతారు. ఆ తర్వాతే, తిరుగుతున్న కర్రకి రంగు లక్కని ఒత్తిపడతారు. రాపిడి వేడికి లక్క కరిగి సమంగా పరుచుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పనిలో కూడా కింద కర్ర గరుకుగా ఉంటే పైన లక్క దాన్ని దాచదు. బండికీ అంతే.

సిరామిక్ అనగానే ఊరగాయ జాడీలా కాల్చాలేమో అనుకోకండి. ఇది సిలికా కలిసిన ద్రవం. గాలికి గట్టిపడి, పెయింటు మీద పలచని పొరలా పట్టుకుంటుంది. నీళ్ళు ముత్యాల్లా జారిపోతాయి, బురద తేలిగ్గా వదులుతుంది. అయితే కింద గీతలున్నా, మరకలున్నా వాటినీ లోపలే బంధించేస్తుంది.

అందుకని ముందు బండిని వాహనాల షాంపూతో కడిగి, మెత్తటి బట్టతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. చేత్తో తడిమితే ఇంకా గరుగ్గా ఉందా? 'క్లే బార్' అనే మట్టిముద్దలాంటిది దొరుకుతుంది. దానికి తోడు అమ్మే ద్రవం గాని, షాంపూ నీళ్ళు గాని చల్లి మెల్లిగా రాయండి. సన్న గీతలుంటే ఇప్పుడే పాలిష్ పట్టాలి. చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాలు, నీళ్ళు కలిపి తుడిస్తే జిడ్డు పోతుంది. ఇది అంటుకునే సరుకు, పొయ్యి దగ్గరికి తేవద్దు.

ఇక పూత. ఎండలోనూ వద్దు, వాన ముసురులోనూ వద్దు. పొద్దున్నే, రేకు చల్లగా ఉన్నప్పుడు నీడలో, గాలి ఆడే చోట వెయ్యండి. చేతులకి గ్లౌజులు తప్పనిసరి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ముందు కనబడని మూల కాస్త రాసి చూడండి. తర్వాత స్పాంజికి చుట్టిన బట్ట మీద నాలుగైదు చుక్కలు వేసి, జానెడు మేర నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి రాయండి. కాసేపట్లో నీళ్ళ మీద నూనె తేలినట్టు రంగులు మెరుస్తాయి. అప్పుడు మరో మెత్తటి మైక్రోఫైబర్ బట్టతో తుడిచేసి పక్క జానెడుకి వెళ్ళండి. ఎంతసేపు ఆగాలో సీసా మీద ఉంటుంది. మన వేసవిలో ఇంకా తొందరగా ఆరుతుంది సుమా! తుడవకుండా వదిలేస్తే మరకై గట్టిపడిపోతుంది, మళ్ళీ పాలిష్ పడితేనే గాని పోదు.

బ్రేకులకి, టైర్లకి, కాళ్ళు పెట్టే చోట తగలనివ్వకండి. జారితే ప్రాణానికే ముప్పు. రాసిన బట్ట గట్టిపడిపోతుంది, మళ్ళీ వాడకుండా పారెయ్యండి. ఒక రోజంతా నీళ్ళు తగలకూడదు, వారం దాకా షాంపూ వద్దు.

చివరగా ఒక మాట. పూత వేశాక గీతలే పడవని ఎవరైనా అంటే నమ్మకండి. రాయి తగిలితే పెయింటు లేస్తుంది. పిల్లల్ని బడికి దింపి, సరుకులు తెచ్చే మన స్కూటరుకి ఇప్పటికే తుప్పు పట్టి ఉంటే, సీసా డబ్బు ముందు ఆ తుప్పు గోకించి పెయింటు వేయించడానికి ఖర్చు పెట్టండి. తుప్పు మీద మెరుపు నిలవదు. బాగున్న బండికైతే ఓ ఆదివారం పొద్దున్న నడుం బిగించండి మరి!