మూడు వేళ్ల చిటికెడు

పధ్నాలుగు మంది ఆడవాళ్లు, ఒక వంటమనిషి, పైన చూసుకోవడానికి ఒక సూపర్‌వైజరు. 1980లో బంగ్లాదేశ్ పల్లెలకు బ్రాక్ సంస్థ పంపిన జట్టు అంతే. ఊరు చేరి, ఇల్లిల్లూ తిరిగి, తల్లులకు వాళ్లు చెప్పాల్సిన పాఠం ఒక్కటే. బిడ్డకు నీళ్ల విరేచనాలు పట్టుకుంటే ఇంట్లోనే ఏం కలిపి తాగించాలి? మూడు వేళ్లకు వచ్చినంత చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర శేరు నీళ్లు.

ఆ మందు పనిచేస్తుందని అప్పటికే తేలిపోయింది. 1971 యుద్ధంలో బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీళ్లలో కలిపించి డ్రముల నుంచి పట్టి తాగించారు. 30 శాతం దాకా పోతున్న ప్రాణాలు 4 శాతం లోపుకు తగ్గాయి. ఇక మిగిలింది దాన్ని తల్లుల చేతికి ఇవ్వడం. మందు కనిపెట్టడం కంటే నేర్పడానికే ఎక్కువ ఓపిక పట్టింది.

ఆ పాఠాన్ని ఎన్నిసార్లు మార్చుకున్నారో తలుచుకున్నప్పుడల్లా నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. ఏళ్ల తరబడి అంగన్‌వాడీ టీచర్లకు, బడి పంతుళ్లకు శిక్షణ పాఠాలు రాస్తున్నదాన్ని. ఈ వారం ఆ సంగతే చెబుతాను.

నేర్పడానికి వెళ్లిన ఆడవాళ్లే పెద్దగా చదువుకున్నవాళ్లు కారు. అందుకని చెప్పాల్సిందంతా వాళ్లతో కలిసి కూర్చుని, నోటికి వచ్చేలా ఏడు ముక్కలకు కుదించారు. నాలుక ఎండిపోవడం, కళ్లు లోతుకు పోవడం, దాహం, నీరసం, ఒంటేలు తగ్గడం వంటి గుర్తులు అందులో ఒక ముక్క. మొదట్లో ఒక్కొక్కరు రోజుకు ఇరవై మంది తల్లులకు చెప్పారు. కొన్ని వారాలకు పరిశీలకులు అవే ఇళ్లకు వెళ్లి అడిగితే పాఠం పలచబడిపోయిందని తెలిసింది. వెంటనే రోజుకు పది ఇళ్లకు మించొద్దన్నారు. కలిపి చూపిస్తే తల్లులు తల ఊపుతున్నారు గానీ, తర్వాత కలపమంటే చెయ్యి తడబడుతోంది. ఆ తడబాటును నేర్పేవాళ్లే గమనించి పద్ధతి తిరగేశారు. ఉప్పు తల్లే తీయాలి, బెల్లం తల్లే నలపాలి, పక్కన కూర్చున్నామె చూస్తూ సరిదిద్దాలి. అర శేరు అంటే ఎంతో ఒక్కో ఇంట్లో ఒక్కో లెక్క కాబట్టి, ఆ ఇంటి గిన్నె మీదే గీత పెట్టి వచ్చారు.

నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది జీతం సంగతి. ఇన్ని ఇళ్లు తిరిగాం అంటే డబ్బు రాదు. కొన్నాళ్లకు పరిశీలకులు కొందరు తల్లులను ఎంచుకుని, ఆ ఏడు ముక్కల్లో ఎన్ని గుర్తున్నాయో అడిగి, ద్రవం కలపమని చూసేవారు. తల్లికి ఎంత వచ్చిందో దాన్ని బట్టే నేర్పినామెకు జీతం. ఇది కఠినమైన నియమమే. కానీ చెప్పడం అయిపోయింది కాబట్టి నేర్పడం అయిపోయినట్టే అన్న భ్రమకు అక్కడ చోటు లేకుండా చేసింది.

అయినా ఒక దెబ్బ తగిలింది. తల్లులు ఏడు ముక్కలూ అప్పజెబుతున్నారు, ద్రవం సరిగ్గా కలుపుతున్నారు, కానీ బిడ్డకు జబ్బు చేసినప్పుడు చాలామంది తాగించడం లేదు. ఎందుకని ఆరా తీశారు. నేర్పే ఆడవాళ్లకే దాని మీద నమ్మకం లేదు! తమకు విరేచనాలైతే వాళ్లు మాత్రలు మింగుతున్నారు. ఆ లోపం పాఠంలోని ఏ వాక్యంలోనూ లేదు, కాగితం ఎంత దిద్దినా దొరకదు. ఢాకాలోని అతిసార పరిశోధన సంస్థకు వాళ్లను తీసుకువెళ్లి, ఆ నీళ్లు ఒంట్లో ఏం చేస్తాయో చూపించారు. మరో కారణం ఇంటి మగవాళ్లు. వాళ్లతో ఎవరూ మాట్లాడలేదు, ఈ ఉప్పునీళ్ల మీద వాళ్లకు అనుమానం. అప్పుడు మసీదుల్లో, బజార్లలో, బడుల్లో మగవాళ్లకు చెప్పడం మొదలుపెట్టారు. ఇలా దిద్దుకుంటూ పదేళ్లలో కోటి ఇరవై లక్షలకు పైగా ఇళ్లకు ఆ పాఠం చేరింది.

నేర్పే తీరు ఇన్నిసార్లు మారినా ఉప్పు కొలతను మాత్రం ఎవరి అభిప్రాయానికీ వదల్లేదు. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం. తల్లులు కలిపిన ద్రవం నమూనాలు తెచ్చి ప్రయోగశాలలో పరీక్షించారు. ఏది కదలకూడదో, ఏది కదలాలో వాళ్లకు స్పష్టంగా తెలుసు.

ఇలా చూపించి, విని, దిద్దుకుంటూ పోయే పనికి హైదరాబాదు ఆఫీసుల్లో ఇప్పుడొక పేరుంది, ఎజైల్. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి రాసుకున్న చిన్న ప్రకటన నుంచి వచ్చిన మాట. కాగితాల మీద పెద్ద ప్రణాళిక కంటే పనిచేసే చిన్న ముక్కను ముందు వాడేవాడి చేతిలో పెట్టండి, అతను చెప్పింది విని మార్చండి అన్నది దాని సారం. పాఠాలు తయారుచేసేవాళ్లకు అంతకుముందు 1975లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ అమెరికా సైన్యం కోసం రూపొందించిన అయిదు మెట్ల పద్ధతి ఉండేది. అవసరం తెలుసుకోవడం, రూపం గీయడం, తయారుచేయడం, అమలు చేయడం, చివర్లో మూల్యాంకనం. ఆ చివర్లో అన్నదే చిక్కు. అప్పటికి పుస్తకం అచ్చయిపోయి ఉంటుంది. 2012లో మైఖేల్ ఆలెన్ అనే ఆయన ఈ మెట్లు దిగి రమ్మంటూ ఒక పుస్తకమే రాశారు. చిన్న నమూనా చేసి, చూపించి, మార్చి, మళ్లీ చూపించే పద్ధతి ఆయనది.

మాట మంచిదే. మన దగ్గరకు వచ్చేసరికి దాని అర్థం తొందర అయిపోయింది, అదే నా బాధ. స్ప్రింటు పేరుతో రెండు వారాలకో పని విడత, గోడ నిండా పసుపు చీటీలు, రోజూ పొద్దున నిలబడి మాట్లాడుకునే పది నిమిషాల మీటింగు. ఇవన్నీ జరుగుతాయి. పాఠం నేర్చుకోవాల్సిన మనిషి మాత్రం ఆ గదిలోకి ఒక్కసారీ రాదు. రంగు మార్చమనీ, లోగో పెద్దది చెయ్యమనీ డబ్బిచ్చే ఆఫీసు చెబుతుంది, మేం మారుస్తాం. పదో రూపం తయారవుతుంది. పది రూపాల్లోనూ నేర్చుకునేవాళ్ల నుంచి వచ్చిన ముక్క ఒక్కటీ ఉండదు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. కొన్నేళ్ల కిందట అంగన్‌వాడీ టీచర్ల కోసం పిల్లల పెరుగుదల చార్టు నింపడం మీద పాఠం రాశాను. కమిటీ చదివింది, పెద్దలు మెచ్చుకున్నారు, పుస్తకం అచ్చయింది. ఏజెన్సీలో ఒక శిక్షణకు వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. అడ్డగీత మీద నెలల వయసు, నిలువుగీత మీద బరువు, రెండూ కలిసినచోట చుక్క. నేను రాసినట్టే చెబుతున్నారు. ఒక టీచరు లేచి, “మేడమ్, పుట్టిన తేదీ తెలీని బిడ్డకు చుక్క ఎక్కడ పెట్టాలి?” అంది. నా పుస్తకంలో సమాధానం లేదు. నా ఉదాహరణల్లో బిడ్డలందరికీ పుట్టిన తేదీలున్నాయి.

సమాధానం ఆమె దగ్గరే ఉంది. మామిడికొత్త పండుగకు ముందా, తర్వాతా అని తల్లిని అడుగుతుందట. ఆ ఏడు పక్కింట్లో ఎవరి పెళ్లి జరిగిందో, వరి కోత అయ్యిందో లేదో అడిగి, నెల పట్టుకుంటుందట. రెండు నిమిషాల్లో నా పాఠానికి లేని మొదటి పేజీ ఆమె చెప్పేసింది. కానీ పుస్తకాలు అప్పటికే జిల్లాలకు వెళ్లిపోయాయి. అచ్చుకు నెల ముందు చేతిరాత కాగితాలతో ఆ వరసలో కూర్చుని ఉంటే ఆ పేజీ పుస్తకంలో ఉండేది.

శిక్షణ చివరి రోజు ఫీడ్‌బ్యాక్ ఫారం ఇస్తాం కదా అంటారు. బస్సు టైము దగ్గరపడి, ఫారం ఇస్తేనే సర్టిఫికెట్టు అన్నప్పుడు టీచరు ఏం రాస్తుంది? “చాలా బాగుంది” అని రాస్తుంది. అలాంటి కట్టలు నేను చాలా చూశాను. వాటిని చదివి పాఠంలో ఒక్క వాక్యం మార్చినట్టు నాకు గుర్తు లేదు. బ్రాక్ పరిశీలకులు బాగుందా అని అడగలేదు, కలిపి చూపించమన్నారు. చార్టు పాఠానికి పరీక్ష కూడా అదే. నాలుగు వారాల తర్వాత కేంద్రానికి వెళ్లి, “అమ్మా, ఈ బిడ్డకు చుక్క పెట్టండి” అని పక్కన కూర్చోవాలి. పెన్సిలు ఆగినచోట పాఠం తప్పింది.

పిల్లల మీద ప్రయోగాలేమిటని ఒక పెద్దాయన నాతో అన్నారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. పది నెలలకు పబ్లిక్ పరీక్ష రాయాల్సిన పిల్లల పుస్తకాన్ని నడుమలో మార్చడం అన్యాయం. నేను అడిగేది అచ్చుకు ముందు సంగతి. ఒక్క అధ్యాయం, రెండు బడులు, పిల్లల ఎదుట రాసినవాళ్లు. ఎవరికీ చూపించని పాఠాన్ని ఒక్కసారిగా రాష్ట్రమంతా పంచడం అంతకంటే పెద్ద ప్రయోగం, పైగా దాని ఫలితం రాసుకునేవాళ్లు కూడా ఉండరు.

ఖర్చు మాటకొస్తే, రెండు రోజుల బస్సు చార్జీలు, భోజనాలు, కొన్ని జిరాక్సు కాగితాలు. అసలు కరువు అధికారానికి. ఏజెన్సీలో లేచి అడిగిన ఆ టీచరు మాట బ్లాకు దాటి, జిల్లా దాటి, రాసే బల్ల దగ్గరకు రావడానికి దారి లేదు. వచ్చినా, సంతకాలైపోయిన పుస్తకాన్ని తెరిచే హక్కు రాసినవాళ్లకు లేదు. కాంట్రాక్టు రాసేటప్పుడే ఇన్ని పేజీలు, ఈ తేదీకి అని కాకుండా, మొదటి రూపం ఇంతమందికి చూపించాలి, మార్చిన రూపం మళ్లీ చూపించాలి, ఆ తర్వాతే అచ్చు అని రాయమని అడుగుతున్నాను. ఆ టీచర్లకు రోజు కూలీ ఇవ్వమని, పుస్తకం లోపలి పేజీలో వాళ్ల పేర్లు వేయమని అడుగుతున్నాను.

ప్రస్తుతం నా బల్ల మీద మూడేళ్లలోపు పిల్లల తిండి మీద పాఠం ఉంది. ఎనిమిది పేజీలు, బొమ్మలు పెన్సిలుతో గీసినవే. పోయిన వారం అయిదుగురు టీచర్ల దగ్గరకు పట్టుకెళ్లాను. “కప్పు” అన్నచోటల్లా వాళ్లు ఆగిపోయారు, ఎవరింటి కప్పు అని. ఆ మాట కొట్టేశాను. ఈసారి వెళ్లేటప్పుడు ఇంట్లో అన్నం కలిపే గిన్నె తెచ్చుకోమని వాళ్లకు చెప్పాను.