గోనెసంచి ఋణము

జమీందారుల నిర్యాణమునకు పత్రికలు నల్లగీత లుంచుట ఒకప్పటి వాడుక. విజయనగరము చెంత నెల్లిమర్ల జనపనార మిల్లులో నలువదియేండ్లు పనిచేసి, మనుమలను సాకి, పండుటాకువలె రాలిన తాతకు రెండు పంక్తులైనను దక్కుట యరుదు. ఇది న్యాయముగా మాకు దోపదు.

మన చేలలోని గోగు నీట నాని నారయై, ఆ తాత చేతులలో గోనెసంచి యయ్యెను. ఆ సంచిలోనే మన ధాన్యము అంగడి కేగెను. నారదుమ్ము అతని రొమ్ములో మిగిలెను. 1994 జనవరి 29న నెల్లిమర్లలో పోలీసు కాల్పులకు ఐదుగురు కార్మికులు బలియైరి. 2009లో చిట్టివలస మిల్లు మూతపడెను.

ఏడాదికి 15 దినముల వేతనము చొప్పున గ్రాట్యుటీ చెల్లింపవలెనని 1972 నాటి శాసనము విధించెను. నలువది యేండ్ల సేవకు అది 600 దినముల వేతనము. దీనిని దానమనుట తగదు, ఇది ఋణము. మిల్లు మూతపడినను ఋణము తీరదు.

పోయినవాని పటమునకు పూలదండ వేయుటకంటె, ఉన్నవాని బాకీ సకాలమున తీర్చుటయే నిజమైన సంస్మరణము. సంచిలో ధాన్యము నింపు ప్రతి రైతును, ఆ సంచి నేసినవాని పక్షమున ఒక్కమాట పలుకవలెనని మా మనవి.