స్వదేశపు యంత్రమునకు పరీక్ష యవమానమా?

2025 జనవరి 5వ తేదీన పోరుబందరు విమానాశ్రయమున తీరరక్షకదళమువారి ధ్రువ హెలికాప్టరు కూలిపోయి, అందలి సిబ్బంది ముగ్గురును ప్రాణములు గోల్పోయిరి. కారణ మరయగా స్వాష్‌ప్లేటను భాగము విరిగినట్లు తేలినది. అంతట దేశమునందలి మూడు వందలకు పైబడిన ధ్రువ హెలికాప్టర్లు నేలమీద నిలిచిపోయెను. సైన్యమువారి యంత్రములును, వాయుసేనవారి యంత్రములును తిరిగి యెగురుటకు మే నెల రావలసివచ్చెను.

ఇట్టి సందర్భములం దెల్ల రెండు మాటలు వినవచ్చును. మన చేతులతో చేసికొన్న యంత్రమును మనమే శంకించుట తగదని యొకటి. మనవారికి యంత్రనిర్మాణము చేతగాదని మరియొకటి. మొదటిది అభిమానమను పేర కన్నులు మూసికొనుట, రెండవది దాస్యబుద్ధి. రెండును మాకు సమ్మతములు కావు.

ఆ స్వాష్‌ప్లేటు చేయు పని యేమి? చోదకుని చేతి కదలిక కడ్డీల గుండ పళ్లెమువంటి యీ భాగమునకు చేరును. దాని క్రింది పలక తిరుగదు. పై పలక రోటరుతో గూడ తిరుగును. పై పలకనుండి పోవు చిన్న కడ్డీలు ఒక్కొక్క రెక్క వాలును మార్చును. ఇంజను ఆగిపోయినను, దిగుచుండగా గాలి యొరవడికే రెక్కలు తిరుగును గనుక, నేర్పరియైన చోదకుడు యంత్రమును దింపగలడు. రెక్కల నదుపు చేయు భాగమే విరిగినచో ఎంతటి నేర్పును అక్కరకు రాదు. కావుననే దీనికి గాలిలో చికిత్స లేదు. నేలమీది పరీక్షయే రక్ష.

యంత్రము మూగదని తలచుట పొరపాటు. రోటరు చుట్టున కొక్కమారు యంత్రము పైకి క్రిందికి అదరినచో, రెక్కలన్నియు నొకే దారిని తిరుగుట లేదని యర్థము. ప్రక్కలకు ఊగినచో బరువు సరితూగలేదని యర్థము. చోదకుని పాదములకు సన్నని వణకు తగిలినచో తోకరోటరును చూడవలెనని యర్థము. పూర్వము రెక్కల కొనలకు వేర్వేరు రంగులు పూసి, తిరుగునప్పుడు ఒక గుడ్డను వాని యంచునకు తాకించి, పడిన మచ్చలనుబట్టి ఏ రెక్క దారి తప్పినదో కనుగొనెడివారు. నేడు కంపనమును కొలుచు పరికరము లా పని చేయుచున్నవి. గేరుబాక్సు నూనెలోని అయస్కాంతపు బిరడాకు లోహపు రజను అంటినచో, లోపల నేదియో చెడుచున్నదని సాక్ష్యము.

సాక్షి పలికిన చాలదు, వినువారు కావలెను. 2009 ఏప్రిల్ 1వ తేదీన స్కాట్లండు తీరమున సూపర్ ప్యూమా హెలికాప్టరు రోటరు ఊడిపోయి 16 మంది మరణించిరి. అంతకు వారము దినముల ముందే, మార్చి 25న, బిరడాకు ఒక లోహపు తునుక దొరకినది. అది గేరుబాక్సులోని పళ్లచక్రమునకు ముప్పని యెవరును గుర్తింపరైరి. తరువాత 36 గంటలే ఆ యంత్ర మెగిరినది. 2016 ఏప్రిల్ 29న నార్వే తీరమున ఆ కుటుంబమునకే చెందిన మరియొక హెలికాప్టరు అట్టి చక్రము పగిలియే కూలి 13 మంది మడిసిరి. ఈమారు ముందుగా తునుకయు దొరకలేదు. ఐరోపావారి యంత్రములును విరుగును. అయితే ఆ రెండు విచారణల నివేదికలను నేడు ఎవరైనను చదువవచ్చును.

మన సేనలలోని ప్రమాదముల విచారణలు సాధారణముగా వెలుగు చూడవు. సైనిక రహస్యములను వీధిలో పెట్టుమని మేము కోరుట లేదు. విరిగిన లోహము ఏల విరిగెనో చెప్పినంతమాత్రమున శత్రువునకు కలుగు లాభమేమి? చెప్పకున్నచో నష్టము మనవారికే.

వేరొక మాట. అదుపు కడ్డీలను విప్పి బిగించినప్పుడు, బిగించినవాడు గాక వేరొక డర్హుడు స్వయముగ చూచి సంతకము చేయవలెనని విమానశాస్త్రజ్ఞుల నియమము. రెండవ సంతకము కాగితమునకు గాదు, కంటికి. చూడక చేసిన సంతకము కూటసాక్ష్యము. న్యాయస్థానమున దానివలన ఒకని యాస్తి పోవచ్చును, ఇచ్చట అందరి ప్రాణములు పోవును. కావున ప్రయాణము ఆలస్యమగునని పైయధికారి తొందరపెట్టినను, సందేహము తీరువరకు యంత్రమును నిలిపిన పనివానిని నిందింపక గౌరవింపవలెను.

ధ్రువను మనము విడువరాదు. బిడ్డకు జ్వరము వచ్చినదని బిడ్డను పారవేయువారు లేరు. జ్వరమును దాచువారును బిడ్డకు హితులు కారు. పరీక్షకు నిలిచిన స్వదేశి వస్తువే దేశమునకు గౌరవము తెచ్చును.