గైడు ఉంటే అది ఒంటరి ప్రయాణం కాదా?

పోయిన నెల శాఖ సమావేశంలో మన సీనియర్ అక్క ఒకామె పెరూ దేశంలోని కోల్కా కాన్యన్ ఫొటోలు చూపించింది కదా. అప్పటి నుంచి మన క్లాసులో రెండు మాటలు తిరుగుతున్నాయి. ఒకటి: "అంత దూరం ఆడపిల్ల ఒంటరిగా పోవడమేంటి?" రెండోది: "ఒంటరిగా ఎక్కడ పోయింది? వ్యానులో పదిహేనుమంది, ముందు సీట్లో గైడు. దీన్ని సోలో ట్రావెల్ అంటారా?"

మొదటిది పెద్దవాళ్ళ మాట అనీ, రెండోది మన కాలం మాట అనీ అనుకుంటాం. నాకైతే రెండూ ఒకే చెట్టు కాయల్లా ఉన్నాయి. ఆడపిల్ల ఎక్కడికైనా బయల్దేరితే ముందు ఆమె పక్కన ఎవరున్నారో లెక్కపెట్టడం రెండింటిలోనూ ఉంది. తోడు లేకపోతే తప్పు, తోడుంటే గొప్ప లేదు. ఈ లెక్కే మార్చుకోవాలని నా అభిప్రాయం.

ముందు ఆ ప్రయాణం ఎలాంటిదో చూద్దాం. తెలుగులో గండి అని చక్కటి మాట ఉంది. నది కొండను కోసుకుంటూ పోయిన చోటు గండి. పెన్న అలా కోసిన చోటే గండికోట. కోల్కా నది కోసిన గండి లోతు 3,000 మీటర్లకు పైమాటే. పేరుమోసిన అమెరికా గ్రాండ్ కాన్యన్ లోతు సుమారు 1,800 మీటర్లు. కోల్కాకు పోయేవాళ్ళు ఎక్కువగా అరెకీపా అనే ఊరి నుంచి బయల్దేరుతారు. అగ్నిపర్వతం నుంచి వచ్చిన తెల్లరాయితో కట్టిన ఊరది. 2000లో యునెస్కో దాని పాతపట్నాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఎత్తు సుమారు 2,300 మీటర్లు. మన నీలగిరుల్లో అన్నిటికన్నా ఎత్తైన దొడ్డబెట్ట 2,637 మీటర్లు. అంటే మన కొండకొమ్ము ఎత్తుకు కాస్త కిందే వాళ్ళ పట్నం ఉంది.

ఒకరోజు టూరు అయితే తెల్లవారుజామున మూడు గంటలకు వ్యాను వస్తుంది. పాతపంపా అనే కనుమ దగ్గర దారి సుమారు 4,900 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో సగం కంటే కొంచెమే ఎక్కువ. తలనొప్పి, వాంతి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. మరీ ఎక్కువైతే కిందికి దిగిపోవడమే మందు. ఆ సంగతి తెలిసిన మనిషి పక్కనుండాలా, వద్దా? అక్కడివాళ్ళు కోకా ఆకు నములుతారు, దాంతో టీ కాస్తారు. అక్కడ అది మామూలు విషయం. అదే ఆకు సంచిలో పెట్టుకుని ఇండియాలో దిగితే మత్తుపదార్థాల చట్టం కింద కేసు. ఇలాంటివి చెప్పడానికి కూడా గైడే కావాలి.

ఇంకో సంగతి. ఒక్కరే పోయేవాళ్ళు కారు మాట్లాడుకుంటే మొత్తం ఖర్చు వాళ్ళ మీదే పడుతుంది. వ్యానులో అయితే ఒక సీటుకు కడితే చాలు. అందుకే అలాంటి వ్యానుల్లో ఒంటరిగా వచ్చినవాళ్ళు కూడా ఉంటారు. అక్క చెప్పింది గుర్తుందా? ఆమె వ్యానులో ఎక్కినవాళ్ళలో నలుగురు ఎవరికి వాళ్ళుగా వచ్చినవాళ్ళే. గుంపులో కూర్చున్నంత మాత్రాన గుంపు మనిషి అయిపోరు.

మనం తెలుగు చదువుకునేవాళ్ళం కాబట్టి మన పుస్తకాల్లోంచే అడుగుతాను. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరాడు. మనలాగే అరవదేశంలో కాపురమున్న తెలుగువాడు. పల్లకీ, బోయీలు, నౌకర్లు, ఇంటివాళ్ళు, పెద్ద పరివారంతో ఏడాదికి పైగా తిరిగాడు. కాశీయాత్ర చరిత్రను మనం గొప్ప యాత్రాగ్రంథమంటాం. అంతమంది వెంట ఉన్నారు కదా, ఇదేం ప్రయాణమని ఎవరూ అనలేదు. అనకూడదు కూడా. ఎటు పోవాలో, ఎక్కడ ఆగాలో, ఏది రాయాలో ఆయనే తేల్చుకున్నాడు. అందుకే అది ఆయన యాత్ర. మగవాడి వెనక అంతమంది నడిచినా అతను యాత్రికుడు. ఆడపిల్ల ముందు ఒక్క గైడు నడిస్తే ఆమె యాత్రికురాలు కాకుండా పోతుందా?

పోనీ, గైడు లేకుండా పోయినవాడి సంగతి చూద్దాం. మనుచరిత్రలో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకు పూసుకుని ఒక్కడే హిమాలయానికి పోయాడు. మంచులో పసరు కరిగిపోయింది, దారి తెలియలేదు. చివరికి వరూధినిని దారి అడగాల్సి వచ్చింది. తర్వాత కథ మనకు తెలిసిందే! కొండల్లో సొంత పసరును నమ్ముకోవడం కన్నా, తెలిసినవాళ్ళను ముందే అడగడం మేలని నేనైతే ఆ కథలోంచి తీసుకుంటాను.

కాబట్టి ఒంటరి ప్రయాణమంటే పక్కన మనిషి లేకపోవడం అనే అర్థం చాలదు. పోవాలా వద్దా, ఎంతసేపు ఉండాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి అన్నవి తనే తేల్చుకోవడం అందులో అసలు సంగతి. దీనికి ఆ లోయ పక్కనే ఒక సాక్ష్యం కూడా ఉంది. కోల్కాకు దగ్గర్లో అంపాతో అనే మంచుకొండ ఉంది, ఎత్తు సుమారు 6,300 మీటర్లు. 1995లో దాని కొమ్ముకు దగ్గరలో ఒక అమ్మాయి శరీరం దొరికింది. ఐదు వందల ఏళ్ళకు పైగా మంచులో చెడకుండా ఉంది. వయసు పన్నెండు నుంచి పదిహేను మధ్య. ఇన్కాల కాలంలో కొండదేవతకు బలి ఇచ్చారు. ఇప్పుడు ఆమెను జువానీతా అని పిలుస్తారు, అరెకీపా మ్యూజియంలో చలిపెట్టెలో ఉంచారు. ఆమె అంత ఎత్తుకు ఒంటరిగా ఎక్కలేదు, వెంట పెద్దలు నడిచారు. ఆమె పోవాలని తేల్చింది కూడా ఆ పెద్దలే. ఎంతమంది తోడున్నారన్న లెక్క వల్ల ఆ పిల్లకు ఒరిగిందేముంది?

ఇంతదాకా గైడు పక్షాన మాట్లాడాను. అలాగని టూరులన్నీ మంచివని నా ఉద్దేశం కాదు. ముఖ్యంగా ఆ ఒకరోజు టూరు మీద నాకు కోపమే ఉంది.

ఆ టూరులో జనం చూసేది ప్రధానంగా ఒక పక్షిని. క్రూస్ దెల్ కోందోర్ అనే అంచు దగ్గర నిలబడితే నది వెయ్యి మీటర్లకు పైగా కింద సన్నని దారంలా కనిపిస్తుంది. కోందోర్ గద్ద రెక్కలు చాపితే మూడు మీటర్లకు పైన ఉంటుంది, బరువు పదిహేను కిలోల దాకా. అంత బరువును రెక్కలు కొట్టుకుంటూ మోయడం కష్టం. అందుకే ఎండ తగిలి గాలి వేడెక్కి పైకి లేచేదాకా రాతిగోడల మీద కూర్చుని కాచుకుంటుంది. గాలి లేవగానే రెక్క కదపకుండా పైకి తేలుతుంది. చూడదగ్గదే, కాదనను. గంటసేపు అది చూసి, దారిలో రంగురంగుల బట్టలు కట్టుకున్న ఆడవాళ్ళతో, అల్పాకాతో ఫొటో దిగి, చీకటి పడకముందే అరెకీపాకు తిరిగొస్తే కోల్కా చూసినట్టేనా?

ఆ ఆడవాళ్ళ టోపీలనే తీసుకోండి. లోయ పైభాగంలో కొల్యాగువా జనం, కిందిభాగంలో కబానా జనం. కొల్యాగువా ఆడవాళ్ళది తెల్లని గడ్డి టోపీ, కబానా ఆడవాళ్ళది నిండా కుట్టుపని ఉన్న టోపీ. టోపీ చూసి ఏ వైపు మనిషో చెప్పొచ్చు. వాళ్ళ వితితి నాట్యాన్ని 2015లో యునెస్కో వారసత్వంగా గుర్తించింది. ఫొటో దిగి చిల్లర ఇచ్చి వచ్చేస్తే ఆ టోపీ మనకు ఒట్టి రంగుగుడ్డ.

కొండవాలుల్లో మెట్లుమెట్లుగా కనిపించే పొలాల్లో చాలావరకు ఇన్కాల కంటే ముందే కట్టినవి. ఇప్పటికీ వాటిలో మొక్కజొన్న, బంగాళాదుంప, కీన్వా పండుతున్నాయి. 1931లో అమెరికావాళ్ళు విమానంలోంచి ఈ లోయను ఫొటోలు తీశారు. 1934లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక దీన్ని పెరూలో మరచిపోయిన లోయ అని రాసింది. ఎవరు మరచిపోయారు? అక్కడ దున్నుకుంటున్నవాళ్ళు మరచిపోలేదు కదా!

టూరువాళ్ళు తరచుగా వదిలేసే కథ నీళ్ళది. 1970లలో కోల్కా నీళ్ళను మాహెస్ అనే దూరపు ఎడారి భూములకు మళ్ళించడానికి పెద్ద కాలువ తవ్వారు. ఆ పనులతోపాటే లోయకు మంచి రోడ్లు వచ్చాయి. కాలువ లోయ ఊళ్ళ పైనుంచే పోతుంది, వాళ్ళకు మాత్రం చుక్క ఇవ్వలేదు. కరువు ముదిరాక 1983లో కబానాకోందే ఊరివాళ్ళు కాలువను పగలగొట్టి నీళ్ళు తమ పొలాలకు తిప్పుకున్నారు. తర్వాత ప్రభుత్వం దిగివచ్చి వాళ్ళకు నీటివాటా ఇచ్చింది. కావేరి మాట వస్తే ఇంట్లో టీవీ శబ్దం పెంచే మనకు ఈ కథ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ రోజు యాత్రికులకు పక్షిని చూపించే దారి వెనక ఆ కాలువ ఉంది. ఆ ముక్క చెప్పేవాళ్ళు ఉంటే అది చదువు, లేకపోతే ఒట్టి షికారు.

అందుకే నేననేది: గైడు కావాలి, ఆ గైడు ఆ లోయ మనిషై ఉండాలి, కనీసం రెండు రాత్రులు అక్కడే ఉండాలి. మన అక్క అలాగే చేసింది. కబానాకోందే నుంచి సుమారు వెయ్యి మీటర్లు కిందికి దిగి, రాత్రి అడుగున పడుకుని, ఎండ ముదరకముందే చీకట్లో ఎక్కింది. ఆమె గైడు ఆ లోయ అమ్మాయే. యాత్రికులతో ఇంగ్లీషు, ఆఫీసులో స్పానిష్, అవ్వతో కెచువా. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, క్లాసులో ఇంగ్లీషు మాట్లాడే మనకు ఆ అమ్మాయి పరాయిదా? అవ్వ కెచువాలో చెప్పిన కొండల పేర్లు ఇంగ్లీషులో చెబితే సగం రుచి పోతుందని ఆ అమ్మాయి అందట. ఆ మాట వినడానికైనా గైడు ఉండాలంటాను.

ఇక మన సంగతి. "ఆమెకు ఉద్యోగముంది, డబ్బుంది, మనకెందుకీ గొడవ?" అని మీరు అడగొచ్చు. నిజమే, మనలో చాలామందికి పాస్‌పోర్టే లేదు. కానీ ఏర్కాడు పోవాలన్నా ఇంట్లో అడిగే మొదటి ప్రశ్న "ఎవరితో?" అనే కదా. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, రోజూ పేపర్లో చూస్తున్నాం. అమ్మానాన్నలను వెక్కిరించడం నాకు ఇష్టం లేదు. వాళ్ళ ప్రశ్నకు మనం ఇన్నాళ్ళూ రెండే జవాబులు చెప్పాం: "క్లాసంతా వస్తోంది" లేదా మౌనం. మూడో జవాబు ఉందని అక్క చూపించింది. ఏ దారి, ఏ వ్యాను, గైడు ఎవరు, రాత్రి ఎక్కడ, ఫోను ఎన్ని గంటలకు అన్నీ కాగితం మీద రాసిచ్చి, "నేను పోతున్నాను" అని చెప్పడం. ఆమె ఇంట్లో మొదట ఒప్పుకోలేదు. కాగితం చూశాక వాళ్ళమ్మ అడిగింది ఒకటేనట: "చలికి స్వెట్టరు చాలుతుందా?"

ఒక ప్రతిపాదన చేస్తాను. ఈ ఏడాది మన శాఖ టూరులో యాభైమందిమీ బస్సు దిగి, మేడమ్ వెనక వరసలో నడిచి, ఫొటో దిగి బస్సెక్కడం వద్దు. పోయిన చోట ఒక పూట మాకు వదిలేయండి. ఆ ఊరి మనిషినే గైడుగా పెట్టుకుని, ఏం చూడాలో, ఏం అడగాలో ఎవరికి వాళ్ళం తేల్చుకుంటాం. ఎక్కడికి పోతున్నామో ముందే కాగితం మీద రాసి మేడమ్‌కు ఇస్తాం. తిరిగొచ్చాక విన్నది తలా ఒక పేజీ తెలుగులో రాసి ఈ గోడ మీదే పెడతాం.

ఇది కుదరదనేవాళ్ళు ఎందుకు కుదరదో రాసి ఈ కాగితం పక్కనే అంటించండి. మేడమ్‌లకు కూడా ఇదే నా మనవి. గమ్‌సీసా కింద కిటికీ దగ్గర పెట్టాను.