సంపాదకుని మాట: ఆస్తి, పెళ్లి, అభిప్రాయభేదం

జేన్ ఆస్టిన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ 1813లో రచయిత్రి పేరు లేకుండా అచ్చయింది. దానిపై పాఠకులకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. కనీసం మూడోసారి చదివానని రాస్తూ వాల్టర్ స్కాట్ 1826లో తన డైరీలో మెచ్చుకున్నాడు. షార్లట్ బ్రాంటీకి 1848లో అంతా దిద్దితీర్చినట్టు, గాలి ఆడనట్టు అనిపించింది. మార్క్ ట్వేన్‌కైతే ఆస్టిన్ రచనలే గిట్టవు.

ఈ నవల కలవారి కాలక్షేపమన్న విమర్శ ఉంది. రైతాంగ పోరాటాలపై అల్లం రాజయ్య రాసిన ‘కొలిమి అంటుకున్నది’ వంటి నవలలు వచ్చిన ఉత్తర తెలంగాణలో ఆ మాటకు బలమెక్కువ. కానీ కథలో అసలు చిక్కు డబ్బే. బెన్నెట్ దంపతులకు అయిదుగురూ ఆడపిల్లలే. ఆస్తి కాలిన్స్ అనే దూరపు బంధువుకు పోతుంది. వాళ్లలో ఒకరైన ఎలిజబెత్ కాదన్న అతన్ని, ఆమె స్నేహితురాలు, ఇరవై ఏడేళ్ల షార్లట్ లూకస్ నిలువ నీడ కోసం చేసుకుంటుంది. వారసత్వ ఉద్యోగం కొడుక్కో అల్లుడికో దక్కే పద్ధతిని చూసిన గోదావరిఖని బొగ్గుగని కాలనీల్లో ఆమెను తప్పుపట్టడం అంత తేలిక కాదు. స్వార్థపరురాలని తోసేయడం తొందరపాటే.

ధనవంతుడైన డార్సీ మొదటిసారి పెళ్లి ప్రస్తావన తెస్తూనే ఎలిజబెత్ కుటుంబం తమకు సరితూగదంటాడు; ఆమె ముఖం మీదే కాదంటుంది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో జయంతి ఆత్మాభిమానం నచ్చినవారికి ఈ ఘట్టం ఇట్టే నచ్చుతుంది. డార్సీకి చెందిన పెంబర్లీ భవనం చూశాకే ఎలిజబెత్ మనసు మారిందన్న ఆక్షేపణ మాత్రం నిలవదు. అంతకుముందే, తాను కాదన్నాక డార్సీ రాసిన ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ చదివి, తన తీర్పు తప్పని ఆమె ఒప్పుకుంది. ఆ ఉత్తరాన్ని ఆస్టిన్ నవల మధ్యలో పూర్తిగా ఇచ్చింది.