ఇంటి తాళంచెవి ఎప్పుడివ్వాలి?



మిరప కోతలు మొదలైన దగ్గర నుండి తల్లులు మమ్మల్ని ఒకే మాట అడుగుతున్నారు: "అయ్యగారూ, మా పిల్లకి పదేళ్లొచ్చాయి. బడి నుండి వచ్చాక మేమొచ్చేదాకా ఒక్కతే ఉండొచ్చా?" బడి నాలుగింటికి వదులుతారు. కూలి ఆటో ఊళ్లోకి వచ్చేసరికి చీకటి పడుతుంది.

ఇన్నేళ్లకు వదలొచ్చని మన చట్టం వయసు చెప్పలేదు. బిడ్డను నిర్లక్ష్యంగా వదిలేసి బాధపెడితే మాత్రం 2015 నాటి బాల న్యాయ చట్టం దాన్ని నేరమంటుంది. మా మాట ఒక్కటే: ఏళ్లు లెక్కపెట్టకండి, బిడ్డను చూడండి.

లూకా సువార్త 2వ అధ్యాయంలో యేసుకు పన్నెండేళ్లు. పస్కా పండుగ నుండి తిరిగొస్తూ, ఆయన గుంపులోనే ఉన్నాడనుకొని తల్లిదండ్రులు ఒక రోజంతా నడిచారు. మూడు రోజులకు గాని దేవాలయంలో దొరకలేదు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఎవరో ఒకరి దగ్గర ఉంటాడులే అనుకున్నారు. మనమూ పక్కింటివాళ్లు చూస్తారులే అనుకుంటాం.

మేమూ తప్పు చేశాం. ఒక రాత్రి గృహ కూడికకు వెళ్తూ, తొమ్మిదేళ్ల మా అబ్బాయి నిద్రపోతున్నాడు కదా అని ఇంట్లో వదిలి వెళ్లాం. కరెంటు పోయింది. వచ్చేసరికి గుమ్మంలో కూర్చొని ఏడుస్తున్నాడు. టార్చి ఎక్కడుంటుందో వాడికి మేమెన్నడూ చూపించలేదు. వాక్యం చెప్పి వచ్చిన నోటితోనే వాడిని క్షమాపణ అడిగాం.

కాబట్టి ముందు పావుగంట వదిలి చూడండి, తర్వాత గంట. గ్యాస్ కట్టడం తెలుసా? చుట్టమే వచ్చినా ఎవరికి తలుపు తీయకూడదో తెలుసా? ఇంట్లో ఫోన్ ఉందా, 112, 1098 నంబర్లు నోటికొచ్చా? పురుగుమందు డబ్బా తాళంలో ఉందా? అన్నిటికన్నా, "నాకు భయమేస్తోంది" అని మీతో చెప్పగలదా? భయాన్ని చెప్పుకోలేని బిడ్డ ఇంకా సిద్ధంగా లేదు. చెప్తే మనం నవ్వుతాం గనుకే చాలామంది చెప్పరు.

ఇంకొక సంగతి. రెండేళ్ల తమ్ముణ్ణి చంకనెత్తుకున్న పదేళ్ల పిల్లను "బుద్ధిమంతురాలు" అని మెచ్చుకొని ఊరుకోవద్దు. అది ఆ పిల్ల మోయవలసిన బరువు కాదు.

కూలికి పోక తప్పని తల్లిని తప్పుపట్టడానికి మాకు నోరు రాదు. ఆమె కష్టం సంఘం పంచుకోవాలి. అందుకే ఈ సోమవారం నుండి కోతలు అయ్యేదాకా నాలుగింటి నుండి ఏడింటి వరకు మందిరం తలుపులు తెరిచి ఉంటాయి. ఏ ఇంటి పిల్లలైనా రావచ్చు. అమ్మగారు ఉంటారు. అయితే పిల్లల దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి. ఇంటి పట్టునుండే అవ్వలారా, పెద్దమ్మలారా, ఆ రెండో మనిషి మీలో ఎవరు? ఆదివారం ఆరాధన అయ్యాక పేర్లివ్వండి.

పిల్లల్ని కాపాడమని ప్రార్థిద్దాం. మోకాళ్ల మీద నుండి లేచాక, గ్యాస్ కట్టి ఉందో లేదో చూద్దాం. ఆమేన్.