గేటు మీదే, రోడ్డు మాత్రం అందరిదీ

ట్రుగనీనాలో నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే వచ్చే మాటలు మూడే: బ్యాంకు వడ్డీ, పొద్దున్నే ట్రాఫిక్, ఎవరెక్కడ బ్లాక్ కొన్నారు. ఈ మూడూ ఒక్కచోట కలిసే గొడవ ఒకటుంది. జంక్షన్‌ని ఆనుకుని ఉన్న ఇంటికి "మీ డ్రైవ్‌వే ఇక్కడ ప్రమాదం, దీన్ని మూసేసి పక్క వీధిలోంచి దారి ఇస్తాం" అని ఉత్తరం వస్తే ఏం చెయ్యాలి? మనవాళ్ళలో ఎక్కువమంది సమాధానం "ఛస్తే ఒప్పుకోం". నా సమాధానం "మూసెయ్యనివ్వండి, కానీ ఊరికే కాదు". ఎందుకో చెప్తాను. ఆ తర్వాత తిట్టేవాళ్ళు నిరభ్యంతరంగా తిట్టొచ్చు.

ముందే ఒక మాట. ఇలాంటి ఉత్తరం అందుకున్నాయన నాకు బాగా కావలసిన మనిషి. నోరారా అన్నయ్యా అని పిలుస్తాను. వ్యతిరేకిస్తూ సంతకాలు సేకరిస్తున్నారు, నన్నూ అడిగారు. నేను పెట్టలేదు. "మనవాడివయ్యుండి ఇదేంటి తమ్ముడూ" అన్నారు. మనవాడిని కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. పరాయివాడినైతే నవ్వేసి తప్పుకునేవాణ్ణి.

అసలు ఈ తగువు మన పేటలోనే ఎందుకు ఎక్కువో చూడండి. లీక్స్ రోడ్, డోహర్టీస్ రోడ్, బౌండరీ రోడ్, ఇవన్నీ ఒకప్పుడు పొలాల మధ్య దాదాపు మైలుకొకటి చొప్పున గీత గీసినట్టు వేసిన పల్లె రోడ్లు. గొర్రెలూ, గడ్డీ, రాతి గోడలూ ఉన్న రోజుల్లో గేటు ఎక్కడ పెట్టుకున్నా అడిగేవాడు లేడు. రోజుకి నాలుగు బళ్ళు తిరిగే చోట జంక్షన్ అయితేనేం, ఇంకోటయితేనేం. 2016 జనాభా లెక్కల్లో ట్రుగనీనాలో ఉన్నది ఇరవై వేల పైచిలుకు మంది. 2021 నాటికి ముప్ఫై ఆరు వేలు దాటారు. తూర్పున గోడౌన్లు వచ్చాయి, వాటితో పాటు పెద్ద ట్రక్కులు వచ్చాయి. రోడ్డు మారింది, వేగం మారింది, బళ్ళ బరువు మారింది. గేటు మాత్రం ఉన్నచోటే ఉంది. తప్పు గేటు పెట్టుకున్నవాళ్ళది కాదు, ఒప్పుకుంటాను. తప్పెవరిదో తేలేదాకా ప్రమాదం ఆగదు కదా, నా బాధ అదీ.

జంక్షన్ పక్క డ్రైవ్‌వేతో ప్రమాదమేంటో విడమర్చి చెప్పుకుందాం. మనవాళ్ళు "రివర్స్ చేసేటప్పుడు జాగ్రత్తగా చూస్తే చాలు" అంటారు. అక్కడే ఉంది తిరకాసు.

మొదటిది ఇండికేటర్ గోల. మీరు పక్క వీధిలోంచి మెయిన్ రోడ్డెక్కడానికి ఆగి ఉన్నారు. కుడివైపు నుంచి ఒక కారు ఎడమ ఇండికేటర్ వేసుకుని వస్తోంది. మీరేమనుకుంటారు? "ఆహా, నా వీధిలోకే తిరుగుతున్నాడు" అనుకుని బండి ముందుకి దూకిస్తారు. కానీ ఆయన తిరగాల్సింది జంక్షన్ దాటిన పది అడుగులకి ఉన్న తన ఇంటి గేటులోకి. ఇండికేటర్ అబద్ధం చెప్పలేదు, మీ కళ్ళూ మోసం చెయ్యలేదు, ఇద్దరూ రూల్ ప్రకారమే ఉన్నామనుకున్నారు. అయినా గుద్దుకున్నారు. ఇందులో "జాగ్రత్త" ఏం చేస్తుంది?

రెండోది మర్యాద గోల. గేటు జంక్షన్‌కి ఇవతల ఉంటే, సిగ్నల్ పడగానే కార్ల వరస గేటుకి అడ్డంగా నిలబడుతుంది. ఒక పుణ్యాత్ముడు ఆగి, "రండి రండి" అని చెయ్యి ఊపుతాడు. మీరు ఆ సందులోంచి బయటికొస్తారు. పక్క లేన్‌లో వచ్చేవాడికి ఆ చెయ్యీ కనపడదు, మీరూ కనపడరు.

మూడోది ఉత్త లెక్క. గంటకి 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. మీరు వెనక్కి వచ్చి, బండి సరిచేసుకుని, ముందుకి కదలడానికి ఆరు సెకన్లు అనుకుందాం. ఆ ఆరు సెకన్లలో ఎదుటివాడు 100 మీటర్లు వచ్చేస్తాడు. జంక్షన్ మలుపులోంచి వచ్చేవాడు మీకు 100 మీటర్ల ముందు కనపడడు, ఎందుకంటే జంక్షన్ ఉన్నదే పదో పదిహేనో మీటర్ల దూరంలో. మీరు ఎంత బాగా చూసినా, లేనివాడు కనపడడు కదా.

రోడ్ల ఇంజనీర్లు బళ్ళ దారులు కలిసే, విడిపోయే, అడ్డంగా కోసుకునే చోట్లని లెక్కపెడతారు. మామూలు నాలుగు రోడ్ల కూడలిలో అలాంటివి 32. మూడు రోడ్ల కూడలిలో 9. ఒక డ్రైవ్‌వే అంటే ఇంకో చిన్న మూడు రోడ్ల కూడలే. అంటే ఉన్న జంక్షన్ కడుపులో ఇంకో జంక్షన్‌ని దాచిపెట్టి, దానికి సిగ్నలూ బోర్డూ ఏమీ లేకుండా వదిలేశామన్నమాట. ఇది అమీర్‌పేటలో అయినా ట్రుగనీనాలో అయినా ఒకటే లెక్క.

వీటన్నిటి మధ్యలో ఫుట్‌పాత్ ఉంది, మర్చిపోయారా? విక్టోరియాలో 13 ఏళ్ళ లోపు పిల్లలు ఫుట్‌పాత్ మీద సైకిల్ తొక్కొచ్చు. డ్రైవ్‌వేలోంచి వచ్చే బండి నడిచేవాళ్ళకీ, రోడ్డు మీద వెళ్ళే బళ్ళకీ దారివ్వాలని రూలు కూడా ఉంది. రూలు మంచిదే. కానీ జంక్షన్ దగ్గర రివర్స్ చేసేవాడు కుడివైపు చూడాలి, ఎడమవైపు చూడాలి, పక్క వీధి చూడాలి, సిగ్నల్ చూడాలి. ఇన్ని చూస్తూ తన వెనక టైరు పక్కన స్కూటర్ తొక్కుతున్న ఆరేళ్ళ పిల్లని కూడా చూడాలి. మనిషికి ఉన్నవి రెండు కళ్ళు. ఆ పిల్ల మీ అమ్మాయో మా అమ్మాయో అవుతుంది, ఎందుకంటే ఆ దారిన బడికి నడిచేది మన పిల్లలే.

ఇక వాదనల సంగతి చూద్దాం.

"ఇన్నేళ్ళుగా వాడుతున్నాం, ఏమీ కాలేదు." నా వృత్తిలో ఈ డైలాగు రోజూ వింటాను. రెండు ప్రోగ్రాములు ఒకే డేటాని ఒకే క్షణంలో ముట్టుకుంటే తప్ప బయటపడని బగ్గులుంటాయి. వాడేవాళ్ళు పదిమందే ఉన్నన్నాళ్ళూ ఐదేళ్ళయినా బయటపడవు. వెయ్యిమంది అవగానే శుక్రవారం సాయంత్రం పూట పేలతాయి. అప్పుడు "నిన్నటిదాకా బాగానే ఉందండీ" అంటే క్లయింటు వినడు. ఏమీ కాలేదంటే ప్రమాదం లేదని కాదు, ఇంకా ట్రాఫిక్ సరిపోలేదని అర్థం. ఆ సరిపోవడం మన కళ్ళముందే జరుగుతోంది.

"నా స్థలం, నా గేటు, నా హక్కు." రోడ్డుని ఆనుకుని స్థలం ఉన్నవాడికి రోడ్డు మీదికి వచ్చే హక్కు బ్రిటిష్ కాలపు కామన్ లా నుంచీ ఉన్నదే, కాదనను. కానీ నాకు నచ్చిన చోటు నుంచే వస్తానంటే చట్టాలు ఎప్పుడో కళ్ళెం వేశాయి. విక్టోరియాలో ప్రధాన రోడ్డు మీదికి కొత్త దారి తెరవాలన్నా, ఉన్నదాన్ని మార్చాలన్నా ప్లానింగ్ పర్మిట్ కావాలి. మామూలు వీధిలో క్రాస్‌ఓవర్ వెయ్యాలన్నా కౌన్సిల్ అనుమతి ఉండాల్సిందే. కొన్ని రోడ్లని నియంత్రిత ప్రవేశం ఉన్న రోడ్లుగా ప్రకటించే అధికారం 2004 నాటి రోడ్ మేనేజ్‌మెంట్ చట్టంలో ఉంది. మన దేశంలో మాత్రం తక్కువ తిన్నారా? 2002 నాటి జాతీయ రహదారుల నియంత్రణ చట్టం ప్రకారం హైవే మీదికి బండి దారి కావాలంటే అనుమతి తీసుకోవాలి. హక్కు ఇంట్లోంచి బయటికి రావడానికి. ఫలానా అంగుళం మీదుగా రావడానికి కాదు.

స్వేచ్ఛ గురించి మాట్లాడేవాళ్ళకి ఇంకోటి. కార్లలో సీటు బెల్టు తప్పనిసరి చేస్తూ ప్రపంచంలో మొదట చట్టం తెచ్చింది ఈ విక్టోరియానే, 1970లో. నా కారు, నా ప్రాణం అంటే కుదరదని అప్పుడే తేల్చేశారు. అక్కడ పోయేది సొంత ప్రాణం. ఇక్కడ పోయేది దారిన పోయేవాడిది.

"వాస్తు పోతుంది." ఇది మాత్రం నన్ను నవ్విస్తుంది. ఇల్లు కొనేటప్పుడు వీధిపోటు ఉందేమోనని కంపాస్ పెట్టుకుని మరీ తిరిగాం కదా? ఎదురుగా రోడ్డు వచ్చి ఇంటికి గుచ్చుకుంటే అరిష్టమని పదివేలు తక్కువకిస్తానన్నా వదిలేసుకున్నాం కదా? ఆ నమ్మకం మాట ఎలా ఉన్నా, దూసుకొచ్చే బండికి ఎదురు నిలబడొద్దన్న ఇంగితం అందులో ఉంది. మరి జంక్షన్ నోట్లో గేటు పెట్టుకుని రోజూ నాలుగుసార్లు వెనక్కి వెళ్ళడం వీధిపోటు కాదా? నన్నడిగితే అంతకంటే పెద్ద పోటు లేదు. తూర్పు గుమ్మం ఎక్కడికీ పోదు, అందులోంచి నడిచి రండి. కారుకి దిక్కుల పట్టింపు లేదు.

"ఇంటి ధర పడిపోతుంది." ఇది నిజమైన బాధ. ముప్ఫై ఏళ్ళ అప్పు నెత్తిన పెట్టుకున్నవాడితో "సమాజం కోసం త్యాగం చెయ్యి" అనడం నాకు చేతకాదు. ఇక్కడ అన్నయ్య పక్షమే నేను. నలుగురి క్షేమం కోసం ఒకడి గేటు మూస్తున్నప్పుడు ఖర్చు నలుగురూ పెట్టుకోవాలి. మా వాళ్ళ గొడవ ఈ దిశలో సాగితే సంతకమేం ఖర్మ, జెండా పట్టుకుని ముందు నడుస్తాను.

సాఫ్ట్‌వేర్‌లో పాత ఇంటర్‌ఫేస్ తీసెయ్యాలంటే ఒక పద్ధతుంది. ఫలానా రోజున తీసేస్తున్నామని ముందే చెప్తాం. కొత్తది సిద్ధం చేసి, పని చేస్తోందని చూపించి, అందరూ మారాక పాతది ఆపేస్తాం. కొత్తది లేకుండా పాతది పీకేస్తే ఏమవుతుందో తెలుసా? జనం దొంగదారులు కనిపెడతారు.

నమ్మకపోతే హైదరాబాద్ - విజయవాడ హైవే చూడండి, పాత 9వ నంబరు, ఇప్పటి 65. నాలుగు లేన్లు వేసి మధ్యలో డివైడర్ కట్టారు. అటుపక్క పొలానికి వెళ్ళాల్సిన రైతుకి యూ టర్న్ ఎక్కడో దూరంగా ఉంటే ఏం చేస్తాడు? రాంగ్ సైడ్‌లో ట్రాక్టర్ తోలుతాడు. ఇంకా విసుగొస్తే డివైడర్‌కే సందు కొడతారు. మూసిన దారి కంటే ఆ దొంగ సందు ఎక్కువ ప్రమాదం. అదే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు చూడండి. 158 కిలోమీటర్ల పొడవునా ఇంటి గేటు, హోటల్ గేటు ఒక్కటి కూడా నేరుగా తెరుచుకోదు. పక్కన సర్వీస్ రోడ్లున్నాయి, ఇంటర్‌చేంజ్‌లున్నాయి. మూయడంతో పాటు తెరవడం కూడా ఆలోచించారన్నమాట.

అందుకని నేను చెప్పేది ఇది. "మూయొద్దు" అనే కాగితం చింపేసి, కొత్త కాగితం రాద్దాం. అందులో ఇవి అడుగుదాం:

1. పక్క వీధిలో కొత్త క్రాస్‌ఓవర్, కాంక్రీటు, కంచె మార్పు, గరాజ్ తలుపు, అన్నీ ప్రభుత్వ ఖర్చుతో పూర్తయ్యాకే పాత గేటు ముయ్యాలి. ఒక్కరోజు కూడా ఇంటివాడు దారిలేకుండా ఉండకూడదు.

2. ఇంటి విలువ తగ్గితే ఎంత తగ్గిందో ఇరుపక్షాలకీ సంబంధం లేని వాల్యుయర్ తేల్చాలి, ఆ డబ్బు ఇవ్వాలి.

3. ఇంట్లో వీల్‌చెయిర్ వాడే పెద్దవాళ్ళుంటే కొత్త దారి నుంచి గుమ్మం దాకా ర్యాంపు కట్టివ్వాలి.

4. ఎన్ని బళ్ళు తిరుగుతున్నాయి, ఎంత వేగంతో తిరుగుతున్నాయి, ఏం కనిపెట్టి ఈ నిర్ణయానికొచ్చారు, ఇవన్నీ మామూలు మనిషికి అర్థమయ్యే భాషలో వీధి మొత్తానికీ ఇవ్వాలి.

5. గేటు మూసి చేతులు దులుపుకోకూడదు. పిల్లలు దాటే చోటు, వేగం తగ్గించే ఏర్పాటు కూడా అదే పనిలో చెయ్యాలి.

మరి పక్క వీధే లేని ఇళ్ళ మాటేంటి అంటారా? అక్కడ పూర్తిగా మూయడం అన్యాయం. ఎడమకి మాత్రమే లోపలికి, ఎడమకి మాత్రమే బయటికి అనే పద్ధతి పెట్టొచ్చు. దాంతో ఆ తొమ్మిది చోట్లూ రెండవుతాయి. ఇంటి ఆవరణలోనే బండి తిప్పుకుని ముందు మొహంతో బయటికొచ్చేలా జాగా చేసుకోవచ్చు. కాస్త చుట్టు తిరగాలి, మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ మూడు నిమిషాల్లో బాలు పాట ఒకటి పూర్తవదు కూడా :)

ఇవన్నీ ఇచ్చినా కూడా "నా గేటు నాదే" అనేవాళ్ళతో నాకు వాదన లేదు. మిగతావాళ్ళకి మాత్రం ఒకటే విన్నపం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకి అలవాటే. ప్రమాదం జరిగాక అదే జంక్షన్‌లో పూలగుత్తులు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, "ముందే ఎందుకు ముయ్యలేదు" అని అదే ఆఫీసు మీదకి వెళ్ళేది కూడా మనమే. ఆ కాగితం మీద సంతకాలు ఈ నెలలోనే మొదలుపెడదాం. నా సంతకం అందులో మొదటిది.